నాలుగు లారీలూ ఒక ఉపగ్రహమూ

సాలూరు షెడ్డు,
3 ఏప్రిల్ 1968

యజమాని నరసింగరావు గారికి,

మీ మెకానిక్కు సత్యానందం వందనాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మూడో నంబరు బండి క్లచ్చి ఒక్కటే బాగులేదు. అది ఎప్పుడూ బాగులేదు.

విశాఖపట్నం రేవుకి ఉల్లిపాయల లోడు దింపడానికి వెళ్ళిన బండి ఒక రోజు ఆలస్యంగా ఎందుకొచ్చిందని కార్డు రాశారు. గంగులు డ్రైవరు తప్పేమీ లేదు. నేనే ఆపాను. ఎందుకు ఆపానో చదవండి. చదివాక, ఇంకో రోజు ఉండి రాలేకపోయావా అని మీరే తిడతారు.

మన ఉల్లిపాయలు ఎక్కింది మామూలు సరుకు ఓడ కాదండీ. సముద్రం అడుగు లోతు కొలుచుకుంటూ దేశదేశాలు తిరిగే ఓడ. రేవులో దానికి వైర్లెస్ రిపేర్లు చేస్తున్న కృపానిధి మా అమ్మ తరఫు బంధువు, భీమిలివాడు. "రా, నీకొకటి సూపిస్తాను, జన్మలో మర్సిపోవు" అని లోపలికి తీసుకెళ్ళాడు. ఒక గదిలో మీ ఆఫీసు బీరువా అంత యంత్రం ఉంది. ఉన్నట్టుండి దాని పక్కనున్న టైపు మిషను మనిషి చెయ్యి తగలకుండా టకటకా కొట్టేసింది. కాగితం మీద అంకెలు. ఉత్తరానికి పదిహేడు డిగ్రీల నలభయ్యొక్క నిమిషాలు, తూర్పుకి ఎనభైమూడు డిగ్రీల పదిహేడు నిమిషాలు. రేవు పటం తీసి చూపించాడు. సరిగ్గా మేము నిలబడ్డ చోటే!

ఎవరు చెప్పారయ్యా దీనికి? పైనుంచి ఒక కృత్రిమ ఉపగ్రహం! ఏడువందల మైళ్ళ ఎత్తున, ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువానికి, అక్కణ్ణుంచి మళ్ళీ పైకి, గంటా నలభయ్యేడు నిమిషాలకి ఒక చుట్టు. అలాంటివి నాలుగో అయిదో ఉన్నాయట. అమెరికా వాళ్ళు తమ యుద్ధనౌకల కోసం పెట్టుకున్నారు. నిరుడే మామూలు ఓడలకీ వాడుకోమని వదిలారు. మబ్బు పట్టనీ, తుఫాను రానీ, సూర్యుడూ నక్షత్రాలూ కనిపించకపోనీ, నడిసముద్రంలో ఓడ తానెక్కడుందో ఫర్లాంగు రెండు ఫర్లాంగుల తేడాతో తెలుసుకుంటుంది. ఈ రోజు లోతు కొలిచిన చోటికే మళ్ళీ ఏడాదికి వచ్చి కొలవొచ్చు. పటాల మీద తప్పుచోట గీసిన దీవుల్ని సరైన చోటికి జరుపుతున్నారట. దీవుల్నండీ!

నేను చదివింది ఎనిమిదో తరగతి. మిగతాదంతా పొట్లం కాగితాల మీద చదువుకున్నాను. నా బతుకులో ఇంత గొప్ప సంగతి ఏ పొట్లంలోనూ రాలేదు.

ఇట్లు
ఇంకా నిద్ర పట్టని
సత్యానందం

తా.క. ఉల్లిపాయలు ఒక బస్తా తక్కువ దిగాయని మీకు రాసే ఉంటారు. తక్కువ దిగలేదు. వంటవాడికి విడిగా ఇచ్చాను. ఆ యంత్రం గదికి దారి వంటింట్లోంచే ఉంది.


విజయనగరం,
6 ఏప్రిల్ 1968

చిరంజీవి సత్యానందానికి నరసింగరావు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మొదట చింపేద్దామనుకున్నాను. తర్వాత గుమాస్తా చేత మూడుసార్లు చదివించుకున్నాను. ఒరే, ఇన్నాళ్ళూ ఈ సంగతి నాకెవరూ చెప్పలేదేం? ఇరవై ఏళ్ళుగా లారీలు నడుపుతున్నాను. సాలూరులో పొద్దున్న బయల్దేరిన బండి విజయనగరం ఎప్పుడొస్తుందో దేవుడికీ డ్రైవరుకీ తప్ప ఎవడికీ తెలియదు. ఇద్దరూ నాకు చెప్పరు. అలాంటిది నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో పైనుంచి కనిపెట్టేస్తున్నారంటే, రోడ్డు మీద పోయే లారీని కనిపెట్టడం ఏపాటి పని?

నేను ఆలస్యం చేసే మనిషిని కాను. బుకింగు ఆఫీసు గోడకి బోర్డు రాయించి కట్టించాను. "మన బండ్లను ఆకాశము నుండి ఎల్లవేళలా కనిపెట్టుచున్నారు. ఇట్లు ప్రొప్రయిటరు." అక్షరాలు ఎర్రరంగు. డ్రైవర్లు వచ్చి చదివి, తలెత్తి ఆకాశం వంక చూసి, చొక్కా గుండీలు పెట్టుకుని వెళ్తున్నారు. గంగులు మాత్రం చూడలేదు. ఎందుకు చూడలేదో ఆలోచించు.

ఇక నువ్వు చేయవలసింది ఒకటే. ఆ ఉపగ్రహం వాళ్ళ అడ్రసు కనుక్కుని పంపు. మన నాలుగు బండ్ల నంబర్లూ వాళ్ళకి రాసి పడేస్తాను.

ఇట్లు
నీ మేలు కోరే
నరసింగరావు

తా.క. అది మధ్యాహ్నం భోజనానికి ఎక్కడ ఆగుతుంది? ఆ గంటసేపూ బండ్లను ఎవరు చూస్తారు?


సాలూరు షెడ్డు,
9 ఏప్రిల్ 1968

నరసింగరావు గారికి సత్యానందం వందనాలు.

వందనాలు పెట్టాను కాబట్టి ఇక కోపంగా రాస్తాను. మీరు నా ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నారు, ఒక్కసారీ వినలేదు. అది మిమ్మల్ని చూడదండీ! నన్నూ చూడదు, బండినీ చూడదు. దానికి కళ్ళు లేవు. దానికి ఉన్నది నోరు.

రామభద్రపురం జంక్షన్లో ఒకసారి నిలబడి చూడండి. బొబ్బిలి వైపు నుంచి లారీ హారను నొక్కి పట్టుకుని వస్తోంది. దగ్గరకొస్తున్నంత సేపూ ఆ మోత సన్నగా, పైస్వరంలో ఉంటుంది. మిమ్మల్ని దాటిందో లేదో బొంగురుగా దిగిపోతుంది. హారను మారలేదు, నొక్కినవాడూ మారలేదు. అది రావడం పోవడంగా మారిందంతే. స్వరం చటుక్కున దిగితే మీరు రోడ్డు పక్కనే ఉన్నారు. మెల్లగా దిగితే దూరంగా చెరుకుతోటలో ఉన్నారు. ఇది పుస్తకంలో సంగతి కాదు, మన షెడ్డులో పడుకున్న ప్రతి క్లీనరుకీ తెలుసు.

ఇప్పుడు ఆ లారీవాడు హారను కొడుతూ, "ఇప్పుడు టైమింత, నేను ఫలానా మైలురాయి దగ్గరున్నాను" అని కూడా అరుచుకుంటూ పోతున్నాడనుకోండి. మీ చేతిలో మంచి గడియారం ఉంది. కళ్ళకి గంతలు కట్టినా సరే, ఆ స్వరం ఎప్పుడు దిగింది, ఎంత వేగంగా దిగింది, అప్పుడు లారీ ఎక్కడుంది అని లెక్క కట్టుకుని, మీరెక్కడ నిలబడ్డారో చెప్పొచ్చు. ఉపగ్రహం అదే పని చేస్తుంది. రెండేసి నిమిషాలకొకసారి తన దారి తాను చెప్పుకుంటూ పోతుంది. ఓడలోని యంత్రం వింటుంది, లెక్క కడుతుంది. తెలిసేది ఓడకే! పైవాడికి కింద ఓడ ఉందని కూడా తెలియదు.

ఇంకా అర్థం కాకపోతే ఇది వినండి. పొద్దున్న రేడియోలో వార్తలు చదివే ఆయనకి, మీరు విజయనగరంలో పళ్ళు తోముకుంటూ వింటున్నారని తెలుస్తుందా? తెలిస్తే పాపం, ఆయన చదవగలడా?

బోర్డు దింపించండి. మూడు బండ్ల డ్రైవర్లూ భయంతో కొండ ఎక్కే ఘాటీ మలుపుల్లో రోడ్డు మానేసి ఆకాశం వంక చూస్తున్నారు. గంగులొక్కడే రోడ్డు చూస్తున్నాడు. ఎందుకు చూస్తున్నాడో మీరూ ఆలోచించండి.

ఇట్లు
గొంతు బొంగురుపోయిన
సత్యానందం

తా.క. అది భోజనానికి ఆగదు. ఎండే దాని తిండి. తిండి పెట్టక్కర్లేదు, నిద్రపోదు, జీతం అడగదు. పనివాడు ఎలా ఉండాలని మీరు కోరుకుంటారో సరిగ్గా అలాగే ఉంటుంది. అందుకే మీకు అంత నచ్చేసింది.


విజయనగరం,
19 ఏప్రిల్ 1968

చిరంజీవి సత్యానందానికి,

ఆశీస్సులు తర్వాత చెబుతాను, ముందు సంగతి విను. నీ హారను కథ బాగుంది. కాని పనిచేయని వస్తువుని గురించి నువ్వు నాలుగు పేజీలు రాశావు, ఇక్కడ అది బ్రహ్మాండంగా పనిచేస్తోంది!

బుధవారం నాడు నలుగురు డ్రైవర్లనీ వరసగా పిలిచాను. ఒక్కొక్కణ్ణీ ఎదురుగా నిలబెట్టి, "ఆకాశం నుంచి నాకు కబురొచ్చింది. నిన్న ఫలానా ఊళ్ళో మూడు గంటలు బండి ఆపావు. ఏమంటావు?" అన్నాను. మొదటివాడు నా కాళ్ళ మీద పడ్డాడు. "తప్పయిపోనాది బాబూ, కోడిపందెం కాడ అరగంట ఆగినాను, మూడు గంటలు కాదు, ఆ పైవోడు లెక్క ఎక్కువ రాసినాడు" అని ఏడ్చాడు. రెండోవాడు ప్రతి ట్రిప్పులోనూ చింతతోపులో నిద్రపోతున్నానని ఒప్పుకున్నాడు. మూడోవాణ్ణి నేను అడగనే లేదు. తనే వచ్చి, లోడు మీద అత్తవారి మేకల్ని ఎక్కిస్తున్నానని, ఇప్పటికి పదకొండు అయ్యాయని చెప్పేశాడు. ఇన్నేళ్ళుగా నిజం చెప్పని గొంతులు, ఒక్క పూటలో!

గంగులొక్కడు మొండికేశాడు. మంగళవారం గజపతినగరంలో మూడు గంటలు ఆపావన్నాను. ముఖం పాలిపోయింది. చెమట పట్టింది. అయినా అదే మాట. "బండి ఎక్కడా ఆగనేదు బాబూ. మా పిల్లల మీద ఒట్టు." ముఖం ఒప్పుకుంటోంది, నోరు ఒప్పుకోవడం లేదు. అలాంటివాడు నాకు అక్కర్లేదు. పనిలోంచి తీసేశాను. బండి తాళం తీసుకున్నాను.

మిగిలిన మూడు బండ్లకీ యంత్రాలు బిగించాను. కేబిను పైన కనిపిస్తాయి చూడు. ఇకనించి మజిలీ మజిలీకీ డ్రైవర్లు నాకు కార్డు రాసి పడేసే పద్ధతి కూడా రద్దు. ఆకాశం ఉండగా కార్డులెందుకు, దండగ.

ఇట్లు
ఎల్లవేళలా కనిపెట్టుచున్న
నరసింగరావు

తా.క. యంత్రం మూత ఎవరూ తీయరాదు. ముఖ్యంగా నువ్వు.


సాలూరు షెడ్డు,
22 ఏప్రిల్ 1968

నరసింగరావు గారికి,

తీశాను.

లోపల పాత అలారం గడియారం ఒకటి, అది కదలకుండా చుట్టూ కొబ్బరిపీచు. బయట బిస్కెట్ల డబ్బా, దానికి అల్యూమినియం రంగు, పైన సైకిలు చక్రం పుల్ల. నేను చూసిన యంత్రానికి బీరువా అంత లెక్కల మిషను కావాలి. నడపడానికి చదువుకున్న మనుషులు కావాలి. అంత ఉన్నా అది గంటకో మూడు గంటలకో ఒకసారి, ఉపగ్రహం నెత్తి మీంచి పోయే ఆ పదిహేను నిమిషాల్లో మాత్రమే చెబుతుంది. మీరు అలారం గడియారంతో చెప్పిస్తున్నారు.

డ్రైవర్లందర్నీ పిలిచి డబ్బా విప్పి చూపించాను. ఏమన్నారో తెలుసా? "మూసీరా బాబూ, గాలి తగిల్తే దానికి కోపం వస్తాది." మూశాక మూడు డబ్బాలకీ పసుపు రాశారు, కుంకం పెట్టారు, నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి కట్టారు. కోడిపందెం ఆయనైతే కొబ్బరికాయ కొట్టి, "పందెం రోజుల్లో మాత్రం కాస్త కళ్ళు మూసుకో తండ్రీ" అని దండం పెట్టాడు. కళ్ళే లేవయ్యా దానికి అని నేను అరిస్తే, నా వైపు జాలిగా చూశారు.

నవ్వుతున్నారా? ఇక నవ్వకండి.

గంగులు నాలుగు రోజులుగా మా షెడ్డు గుమ్మంలో కూర్చుంటున్నాడు. ఇంటికెళ్ళి ఖాళీగా కూర్చోవడం చేతకాక. వచ్చిన ప్రతి బండికీ లేచి నిలబడి టైర్లు తట్టి చూసి, మళ్ళీ కూర్చుంటున్నాడు. పద్నాలుగేళ్ళప్పుడు నా చేతికి స్పానరిచ్చినవాడాయన. ఘాటీలో బ్రేకు పోయినా బండిని కొండకి ఆనించి ఆపి, పైనున్న పన్నెండుమంది కూలీల్ని బతికించినవాడు. "నిజం చెప్పు బావా, ఆగావా?" అని నేనూ అడిగాను, సిగ్గులేక. "ఆగనేదురా" అన్నాడు. "మరి అక్కడేం చేశావు?" అన్నాను. "అది అడక్కు. నోరిప్పనని మాటిచ్చీసినాను" అన్నాడు.

ఈ మంట నేను పెట్టింది. నా ఉత్తరం లేకపోతే ఆయన ఈపాటికి స్టీరింగు దగ్గరుండేవాడు. అందుకే అడుగుతున్నాను, సూటిగా చెప్పండి. ఉపగ్రహం చెప్పలేదు, చెప్పలేదు, చెప్పలేదు. నేల మీద మనిషెవడో చెప్పాడు. ఎవడు? ఆ పేరు చెప్పండి. లేదా గంగులు తాళం ఆయనకిచ్చేయండి. రెండూ చేయకపోతే నా పానాలూ స్పానర్లూ మూటకట్టి మీ బల్ల మీద పెట్టేస్తాను. మూడో నంబరు క్లచ్చిని ఉపగ్రహమే చూసుకుంటుంది.

ఇట్లు
కోపంతో, సిగ్గుతో
సత్యానందం

తా.క. నిన్న సుంకి చెక్‌గేటు దగ్గర ఒక డబ్బాలో అలారం మోగిందట. గేటు జవాను అది సర్కారు యంత్రమనుకుని ఎటెన్షన్లో నిలబడి గేటెత్తేశాడట. ఇప్పుడు డ్రైవర్లు గేటు వచ్చే టైముకి అలారం తిప్పి పెట్టుకుంటున్నారు.


విజయనగరం,
3 మే 1968

నాయనా సత్యానందం,

ఈ ఉత్తరం అందిన వెంటనే జవాబు రాయి. వెంటనే అంటే చదువుతూండగానే.

నా బండ్లు కనిపించడం లేదు.

మూడు బండ్లూ! తొమ్మిది రోజులయింది. జయపురం వెళ్ళినది వచ్చిందో లేదో తెలియదు. పసుపు లోడు ఎక్కడుందో తెలియదు. విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు వేసుకున్న బండి పార్వతీపురం చేరిందా, దాటిందా, అసలు బయల్దేరిందా, ఏమీ తెలియదు. సరుకు తాలూకు మనుషులు ఆఫీసు నిండా కూర్చుని నా వంక చూస్తున్నారు. వాళ్ళ వెనక గోడ మీద ఎర్ర అక్షరాల బోర్డు. "కనిపెట్టుచున్నారు కదండీ, చెప్పండి" అంటున్నారు.

నిన్న సాయంత్రం రైల్వే స్టేషను దగ్గర టీ తాగుతూ మేకల డ్రైవరు నాకే ఎదురుపడ్డాడు. మెడ పట్టుకుని, ఎప్పుడొచ్చావురా, ఒక్క కార్డు ముక్క రాయవేంరా అన్నాను. వాడు అమాయకంగా, "అదేటి బాబూ, నానెక్కడున్నానో మీకు తెలుస్తన్నాది గదా, మళ్ళీ కార్డెందుకని రాయనేదు. మీరే వొద్దన్నారు" అన్నాడు. కొట్టడానికి చెయ్యెత్తాను. ఏమని కొట్టను?

నాలుగో బండి, గంగులు బండి, ఇక్కడే దొడ్లో ఖాళీగా ఉంది. అది ఒక్కటే ఎక్కడుందో నాకు తెలుసు. ఆ స్టీరింగు నీకిస్తున్నాను. నీకు లైసెన్సు వచ్చి ఏడాదయింది, ఎప్పుడిస్తారని పది ఉత్తరాలు రాశావు. ఇదిగో, ఇచ్చాను. వచ్చి తాళం తీసుకుని నా మిగతా బండ్లను వెతికి పట్టుకురా.

ఇట్లు
దిక్కులు చూస్తున్న
నరసింగరావు

తా.క. ఇంట్లో మా ఆవిడ జగ్గమ్మ కూడా నాతో సరిగా మాట్లాడటం లేదు. నేను గదిలోకి వస్తే తను బయటికి పోతోంది. ఈ ఊళ్ళో నన్ను చూసి భయపడనివి నా లారీలే అనుకున్నాను, ఇప్పుడు అవీ లేవు.


సాలూరు షెడ్డు,
6 మే 1968

నరసింగరావు గారికి సత్యానందం వందనాలు.

స్టీరింగు కోసం నేను ఏడేళ్ళు గ్రీజులో పొర్లాను. నిజమే, పది ఉత్తరాలు రాశాను. మీ ఉత్తరం చదివినప్పుడు నా గుండె ఎగిరింది, దాచను. అరగంట షెడ్డు చుట్టూ తిరిగాను. తర్వాత గుమ్మంలో కూర్చున్న గంగులు చేతులు చూశాను. గాల్లో గేరు మారుస్తున్నాయి. ఆయనకి తెలియకుండానే.

నాకొద్దు. ఆయన కూర్చున్న సీట్లో ఆయన బతికుండగా, అది కూడా బిస్కెట్ల డబ్బా సాక్ష్యం మీద, నేను కూర్చోను.

మీ బండ్లను మాత్రం వెతికాను. ఎలా వెతికానో వినండి. నిన్నంతా సాలూరు ఘాటీ రోడ్డులో నిలబడి, పైనుంచి దిగిన ప్రతి లారీనీ ఆపి అడిగాను. నలుగురు డ్రైవర్లూ ఇద్దరు క్లీనర్లూ ఒక ఇడ్లీలమ్మా చెప్పారు. పసుపు బండి బొర్రమామిడి దగ్గర పంచరై ఉంది, రేపటికి వస్తుంది. అడ్డాకుల బండి పార్వతీపురం చేరి దింపేసి, మనం చెప్పని ఇంకో లోడు వేసుకుని రాయగడ వెళ్ళింది. మేకల బండి ఎక్కడుందో మీకే తెలుసు, అందులో ఈసారి ఆవుదూడ కూడా ఉంది.

చూశారా? పైన ఉపగ్రహం తన దారి తాను గట్టిగా చెప్పుకుంటూ పోతుంది, అందుకే అంత పెద్ద సముద్రంలో ఎవడూ దారి తప్పడం లేదు. కింద మీరు, చెప్పుకునే నోళ్ళు నాలుగూ మూయించేశారు. దాచుకున్నవాడు దాచుకున్నాడు, మాటిచ్చినవాడు పని పోగొట్టుకున్నాడు.

గంగులు ఈ పొద్దున్న మొదటి బస్సుకి విజయనగరం బయల్దేరాడు. ఎవరో రమ్మని కబురు పెట్టారట. మీరైతే మంచిదే. మీరు కాకపోతే, మీ గుమ్మం ముందు నిలబడ్డప్పుడు కుర్చీ వేయించండి. నా చివరి మాట ఇదే. ఆయన తాళం ఆయన చేతికి రాకపోతే వచ్చే సోమవారం నుంచి నేను రాను. మేకల డ్రైవరు కూడా రానన్నాడు. దూడ సంగతి మీకు చెప్పొద్దన్నాడు, చెప్పేశాను, అయినా రానన్నాడు.

ఇట్లు
మీ దగ్గర పని ఉందో లేదో తెలియని
సత్యానందం

తా.క. ఇడ్లీలమ్మ రుసుం అడగలేదు. ఎక్కడికెళ్ళిందీ మీ బండి అంటే రాయి విసిరినట్టు టక్కున చెప్పింది. ఫర్లాంగు తేడా కూడా లేదు.


విజయనగరం,
9 మే 1968

చిరంజీవి సత్యానందానికి,

ఈ ఉత్తరం లారీ మెట్టు మీద కూర్చుని, ఇంజను తిరుగుతుండగా రాస్తున్నాను. అక్షరాలు వణికితే అది నా చేతి తప్పు కాదు, బండిది.

నువ్వు సూటిగా అడిగావు, ఎవరు చెప్పారని. ఎవరూ చెప్పలేదురా. మనిషీ చెప్పలేదు, ఆకాశమూ చెప్పలేదు. ఆ బుధవారం నలుగురికీ నోటికొచ్చిన ఊరి పేరు చెప్పాను. అంతే. తగిలితే తగిలింది, లేకపోతే లేదనుకున్నాను. ముగ్గురు వాళ్ళ తప్పులు వాళ్ళే తెచ్చి నా ముందు పోసేసరికి నాకు నిజంగానే పైనుంచి కబురొస్తోందన్నంత నమ్మకం వచ్చేసింది.

నిన్న రాత్రి భోజనం దగ్గర జగ్గమ్మ నా విస్తరి ముందు కూర్చుంది. మూడు వారాల తర్వాత నోరు విప్పింది. "ఆ గంగుల్ని ఎందుకు సంపుతన్నారు? తెలిసిపోనాది గదా, నన్నడగండి" అంది.

ఏం తెలిసిపోయిందే అన్నాను.

"గజపతినగరం. మంగళవారం. మూడు గంటలు. అన్నీ మీరే సెప్పినారంట గదా!"

మంగళవారం మంగళవారం పొద్దుటి రైలుకి వాళ్ళక్క నారాయణమ్మ ఇంటికి గజపతినగరం వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తుంది. ఏడు నెలలుగా వెళ్తోంది. అక్కచెల్లెళ్ళు కదా అనుకున్నాను. అక్క ఇంట్లో కాళ్ళు కడుక్కుని, సంత లేని రోజు ఖాళీగా ఉండే సంత మైదానానికి పోయి, నా లారీ ఎక్కి, గంగులు పక్కన కూర్చుని చెబుతుంటే, గుండ్రంగా తిప్పుతోందట! మూడు గంటలు! స్టీరింగు పట్టుకుని! నా పెళ్ళాం!

ఆలోచించు. "బండి ఎక్కడా ఆగనేదు" అని వాడు పిల్లల మీద ఒట్టేశాడు. ఆగలేదురా. మూడు గంటలూ తిరుగుతూనే ఉంది. వాడు నాతో ఒక్క అబద్ధం ఆడలేదు. నాకు చెప్పొద్దని జగ్గమ్మ మాట తీసుకుంటే, పనైనా వదులుకున్నాడు గాని ఆ మాట వదల్లేదు. వాణ్ణి నేను తీసేశాను. సోమవారం నాడు వాణ్ణి రప్పించింది నేను కాదు, ఆవిడ. మూడు రోజులుగా మా వంటింటి వసారాలో భోంచేస్తున్నాడట. ఆకాశాన్ని కనిపెట్టేవాణ్ణి, నా వసారా కనిపెట్టలేకపోయాను.

ఎందుకు చేశావే ఈ పని అన్నాను. "నాలుగు లారీలున్న మనిషి పెళ్ళాన్ని, అక్కింటికి పోవాలంటే టిక్కెట్టు కొనుక్కుని రైలెక్కుతన్నాను. మీకు సిగ్గుగా నేదేటి?" అంది. లైసెన్సు ఏదీ అన్నాను. "పైన తిరిగేదానికుందేటి లైసెన్సు?" అంది.

ఈ పొద్దున్న దొడ్లో చప్పుడైతే లేచి చూశాను. ఆవిడ స్టీరింగు ముందు, గంగులు పక్కన. బండి మీద ఉప్పు బస్తాలు. సాలూరు ట్రిప్పు మూడు వారాల నుంచి ఆగిపోయింది కదా, అది తనే వేస్తుందట. దిగమని అరిచాను. గంగులు దిగబోయాడు. "నువ్వు కూకో" అంది. కూర్చున్నాడు. నేను కూడా కూర్చున్నాను, మెట్టు మీద. సత్యానందానికి ఉత్తరం రాసుకోవాలంటే రాసుకోండి, నేనే ఇచ్చేస్తాను, పోస్టు కన్నా ముందు చేరుతుంది అంటోంది. గంగుల్ని తిరిగి పనిలో పెట్టుకున్నానని కూడా రాయమంటోంది. రాశాను. ఆవిడ చెప్పిందని కాదు. వాడి ముఖం చూడలేక.

బోర్డు దింపించేశాను. కార్డులు ఒక కట్ట ఈ బండిలోనే పంపుతున్నాను, డ్రైవర్లకి పంచు, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను, రాయమను. గేరు వేస్తోంది. ఇక రాయలేను.

ఇట్లు
మెట్టు దిగిపోతున్న
నరసింగరావు

తా.క. (ఇది అమ్మగారు చెబుతుంటే గంగులు రాస్తున్నాడు. సాలూరు గేటు దగ్గర.) ఒరే సత్యానందం, బాగున్నావేటి? దారిలో ఎక్కడా ఆగనేదు. రామభద్రపురం మలుపు కాడ ఒక బస్సోడు నన్ను సూసి కాలవలోకి దించీసినాడు, మనుషులందరూ బాగానే ఉన్నారు. ఉప్పు దింపించుకో. ఆ మూడో నంబరు క్లచ్చి నేను తొక్కి సూస్తాను, తీసి ఉంచు. ఎల్లుండి ఘాటీ ఎక్కి సుంకి దాకా పోదామని ఉన్నాది, గంగులు వద్దంటన్నాడు, ఒప్పుకుంటాడులే. ఆయన కార్డు రాస్తారు, ఎక్కడున్నాది, ఎప్పుడొస్తాది అని. నీకు తెలిసినా సెప్పకు. పైనోణ్ణి అడగమను.